ఫెబక్క మూసిన ఫైళ్ళు

మా దవాఖానాకు శాలువా కప్పిన రోజు ఫెబక్క బాత్రూములో వాంతి చేసుకుంది. బయట హాలులో చప్పట్లు మోగుతున్నాయి. నేను నీళ్ళ సీసా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పొద్దున తిన్నది అరగలేదేమో అనుకున్నాను. అప్పటికి నా తెలివి అంతే.

ఆ శాలువా సంగతి నేరుగా చెబితే ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ముందు మనుషుల సంగతి చెప్పి, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

నా పేరు మంజుష. బీదర్ గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే గోపాల్‌రావు గారి రెండో అమ్మాయిని. కొట్లో కూర్చుంటే నాన్నతో రోజూ పేచీ అవుతోందని ఆరేళ్ళ కిందట ఊళ్ళోనే ఒక ప్రైవేటు దవాఖానాలో కంప్యూటరు పనికి చేరాను. మా గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. పైన ఎవరు నడిచినా నెత్తి మీద నడిచినట్టే. ఆ గదిలో నాకంటే ముందు పదేళ్ళ నుంచి కూర్చున్న మనిషి ఫెబక్క. నాకు పని నేర్పింది ఆవిడే. ఆ పనిలో ఉన్న పాపం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, అప్పుడు అది పాపమని ఇద్దరికీ తెలియదు.

పని ఏమిటంటే, సర్కారు ఆరోగ్య కార్డు మీద వైద్యం చేయించుకునేవాళ్ళ కాగితాలు పంపడం. రోగి ఫోటో, పరీక్షల రిపోర్టు, డాక్టరు చీటీ స్కాన్ చేసి కార్డు ఆఫీసుకు పంపాలి. అక్కడి నుంచి మంజూరు రావాలి. వస్తేనే సూది. మరుసటి సూదికి మళ్ళీ ఇదే తంతు. అన్నీ అయ్యాక ఫైలు మూయాలి. మూసేటప్పుడు కంప్యూటరు నాలుగు మాటలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది: చికిత్స పూర్తి, వేరే దవాఖానాకు పంపాం, మధ్యలో మానేశారు, మరణం.

వినడానికి బాగానే ఉంది కదా. ఇప్పుడు అసలు సంగతి వినండి. మరణం అని నొక్కితే దవాఖానా ఇచ్చిన మరణపత్రం పెట్టమంటుంది. ఇంట్లో చాప మీద పోయినవాళ్ళకు ఆ పత్రం ఎక్కడిది? వేరే దవాఖానాకు అని నొక్కితే కార్డు చెల్లే దవాఖానా పేరే రాయాలి. మాది మూడు రాష్ట్రాలు కలిసే మూల. మా రోగులు బస్సెక్కితే హైదరాబాదుకో సోలాపూరుకో పోతారు, అక్కడ మా కార్డు చెల్లదు. మానేశారు అని నొక్కితే రోగి ఇంటికి విచారణకు మనిషి వస్తాడు. ఎందుకు మానేశారు, ఎవరు మాన్పించారు, ఇంట్లో ఎందరు, వీధిలో ఎవరు అని ఊరంతా తిరిగి అడుగుతాడు. ముప్పై రోజుల్లో ఏదో ఒకటి నొక్కకపోతే దవాఖానా మొత్తానికి కొత్త మంజూర్లు ఆగిపోతాయి. అందుకని అందరం ఒకటే నొక్కుతాం. చికిత్స పూర్తి.

రొమ్ము క్యాన్సరుకు మా దగ్గర ముందు నాలుగుసార్లు ఎర్ర మందు, తర్వాత నాలుగుసార్లు తెల్ల మందు ఎక్కిస్తారు. ఇవి డాక్టర్లు పెట్టిన పేర్లు కావు, ఆడవాళ్ళు పెట్టుకున్నవి. ఎర్ర మందు ఎక్కితే మూత్రం ఎర్రగా వస్తుంది, జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికి వస్తుంది, నీళ్ళు కూడా ఇనుము రుచి కొడతాయి. నాలుగు ఎర్రవి అయ్యేసరికి సగం మంది కనిపించరు. కూలి పోతోందని కొందరు, బస్సులో వాంతులు చేసుకుంటుంటే పక్కవాళ్ళు లేచిపోతున్నారని కొందరు, వేర్ల మందు ఇచ్చేవాడు దొరికాడని కొందరు. ఇరవై ఒక్క రోజులకు రావలసిన మనిషి రాదు. మేం రెండుసార్లు ఫోన్ చేస్తాం. ఎవరూ ఎత్తరు. ఫైలు మూస్తాం.

ఫెబక్కకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. ఆవిడ తండ్రి రాచయ్య మిషన్ హాస్టల్లో వాచ్‌మన్‌గా చేసేవాడట. ఊరి చర్చిలో ప్రార్థన తప్పనివాడు, అబద్ధం ఆడనివాడు. కూతుర్ని బడిలో వేసేటప్పుడు ఇంట్లో పిలిచే పేరే రాయించాడు, ఫెబా అని. ఆ చిన్న సంగతి ఎంత పెద్దదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఫెబక్కకు నర్సు కావాలని ఉండేది. మార్కులు వచ్చాయి, సీటు రాలేదు. టైపు నేర్చుకుని, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి ఈ మెట్ల కిందకు చేరింది. భర్త ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. ఆవిడ కంటే పద్నాలుగేళ్ళు చిన్నదైన చెల్లెలు లీయాను ఆవిడే పెంచి పెళ్ళి చేసింది. లీయా కమఠాణలో ఉంటుంది, అంగన్‌వాడీలో వంట చేస్తుంది.

ఫెబక్కకు ఇంకో పని ఉంది. దానికి జీతం లేదు. వాళ్ళ సంఘంలో ఆడమనిషి పోతే స్త్రీల సమాజం వాళ్ళు పోయి స్నానం చేయించి, తెల్లబట్ట కట్టి పెట్టెలో పడుకోబెడతారు. పాతికేళ్ళ వయసులో వాళ్ళమ్మ వెంట పోయి నీళ్ళు అందించడం మొదలుపెట్టిన ఫెబక్క, ఇప్పుడు బీదర్ చుట్టుపక్కల ఎవరు పోయినా మొదట కబురందే మనిషి. ఫోన్ వస్తుంది, "మంజుషా, జర చూస్కో" అంటుంది, సంచీలో సబ్బు, దువ్వెన పెట్టుకుని పోతుంది. సమాధి పుస్తకంలో పేరు, తేదీ రాసేది కూడా ఆవిడే, దస్తూరి బాగుంటుందని.

ఒకసారి అడిగాను, గోరువెచ్చని నీళ్ళే కావాలని ఎందుకు పట్టుబడతావని.

"చల్లనీళ్ళు పొయ్యబుద్ధి గాదు."

"సచ్చినోళ్ళకు సలి తెలుస్తదా అక్కా?"

"ఆళ్ళకు తెల్వది. నాకు తెలుస్తది గద."

ఇంతకంటే ఎక్కువ ఆవిడ ఆ పని గురించి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం జంకుగా ఉండేది. అక్కడి నుంచి వచ్చిన రోజు ఆవిడ తాకిన కీబోర్డును నేను చీర కొంగుతో తుడిచేదాన్ని. ఆవిడ చూసేది.

ఇప్పుడు శాలువా దగ్గరికి వస్తాను.

బెంగళూరు నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. కార్డు ఆఫీసువాళ్ళు అయిదేళ్ళ ఫైళ్ళన్నీ పేర్లు తీసేసి వాళ్ళకు ఇచ్చారట. ఫంక్షన్ హాలులో మీటింగు, బ్యానరు, సమోసాలు, ఏసీ. డాక్టర్ జాయ్ అనే ఆమె మాట్లాడింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నూలు చీర, మెత్తటి గొంతు. తిట్టుకోవడానికి వీలైన మనిషి కాదు, అదే నా బాధ. తెర మీద ఒక పటం చూపించింది. మా దవాఖానాలో నాలుగు ఎర్ర మందులు మాత్రమే తీసుకుని, తెల్ల మందు తీసుకోని ఆడవాళ్ళు నలభై ఆరుగురు. వాళ్ళలో నలభై ఒక్కమంది రెండేళ్ళ పాటు మళ్ళీ కార్డు వాడలేదు. కార్డు వాడలేదంటే జబ్బు తిరగబెట్టలేదు. అంటే నాలుగే చాలు. మిగతా నాలుగు ఆ ఆడవాళ్ళకు అనవసరమైన హింస కావచ్చు. ఇలా ఆమె ఎంతో దయగా చెప్పింది.

కార్డు వాడలేదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నారు. మా కొట్టుకు రాని జనమంతా కడుపునిండా తిని పడుకున్నారని మా నాన్న అనుకున్నట్టుంది. కానీ ఈ మాట నాకు ఆ రోజు తట్టలేదు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇన్ని మంచి ఫలితాలు రాష్ట్రంలో ఇంకెక్కడా లేవని మా మేనేజరు అమర్నాథ్‌ను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు. ఆయన దాన్ని రెండు భుజాల మీదా సరిచేసుకుని ఫోటోకు నిలబడ్డాడు. అప్పుడే పక్క కుర్చీలో ఉన్న ఫెబక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచిపోయింది.

బాత్రూము బయట మెట్టు మీద కూర్చుని నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. తర్వాత చెప్పింది.

"తెర మీద నలభై ఒకటి అన్నది సూడు. అందుట్ల పదకొండు మందికి నేను స్నానం చేయించిన."

నాకు అర్థం కాలేదు.

"ఆళ్ళ ఫైళ్ళు మూసింది నేనే. చికిత్స పూర్తి అని నొక్కింది నేనే. పొద్దున ఒంటికి నీళ్ళు పోసి, మధ్యాహ్నం వచ్చి నొక్కిన రోజు గూడ ఉన్నది. పుండు సబ్బు పెట్టనిచ్చేటట్టు గూడ లేకుండె ఒకామెకు. ఆమె ఇయ్యాల తెర మీద మంచిగైంది."

ఆ మాట విన్నాక నా చేతిలో సమోసా ఉందని గుర్తొచ్చింది. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక చాలాసేపు పట్టుకునే ఉన్నాను.

అక్కడితో ఆగితే అది పెద్దవాళ్ళ మీటింగుల్లో జరిగే ఒకానొక దండగ పని అయ్యేది. ఆగలేదు. ఆ పరిశోధన ఇంకా అచ్చు కూడా కాలేదు, కార్డు ఆఫీసు మాత్రం నిబంధన మార్చేసింది. మంచిపని చెయ్యమంటే ఏడాది పట్టే ఆఫీసుకు, మందు ఆపమనే కాగితం దొరికితే మూడు వారాలు చాలాయి. నాలుగు ఎర్ర మందులు అయినవాళ్ళకు తెల్ల మందు కావాలంటే ప్రత్యేక కారణం చూపాలి. ఆ వారంలో మొదట తిరిగొచ్చిన ఫైలు లక్ష్మీబాయి, కమఠాణ.

లక్ష్మీబాయి అంటే లీయా. అది ఫెబక్క చెల్లెలని నాకు తెలుసు, కార్డు మీద వేరే పేరు ఎందుకుందో తెలియదు, అడగలేదు. ఆమెకూ రొమ్ము క్యాన్సరే. ఎర్ర మందు నాలుగుసార్లూ అక్క చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంది. గుండు మీద పూల రుమాలు కట్టుకుని మా గదికి వచ్చి, "మంజుషమ్మా, మీ అక్క నాకు పాయసం జేసి పెడ్తనన్నది, నాకు మాత్రం ఇనుప ముక్క నాకినట్టే ఉంటది" అని నవ్వేది. చంకలో గడ్డలకు పాకింది కాబట్టి తెల్ల మందు తప్పనిసరి అని కలబురగి నుంచి వారానికి రెండు రోజులు వచ్చే క్యాన్సర్ డాక్టరు రాసిచ్చాడు. పంపాం. తిరిగొచ్చింది. ఇంకోసారి రాసిచ్చాడు. మళ్ళీ తిరిగొచ్చింది, మా దవాఖానా ఫలితాలనే మాకు చూపిస్తూ. మూడోసారి ఆయన కలం పక్కన పెట్టి, "నేను రాసేది వాళ్ళు చదవడం లేదమ్మా" అన్నాడు.

ఫెబక్క డాక్టర్ జాయ్‌కి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమన్నాను. ఇద్దరూ కన్నడంలో మాట్లాడుకున్నారు. ఫెబక్క దాచలేదు. నేనే తప్పు నొక్కాను, పదకొండు మంది చనిపోయారు, నా చేతులతో సాగనంపాను, మీ లెక్క తప్పు అని చెప్పింది. అవతల కలం గీస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత జాయ్, "నాకు ఇది తెలియాల్సింది. మీరు చెప్పినందుకు కృతజ్ఞతలు" అంది. "నోటిమాటతో నేను దేన్నీ ఆపలేను. పదకొండు మంది కార్డు పేర్లు, పక్కన చనిపోయిన తేదీలు, చర్చి ముద్రతో ఒక జాబితా ఇవ్వండి. కార్డు ఆఫీసు ఫైళ్ళతో కలిపి చూస్తుంది. తర్వాత మేం పేర్లు తీసేస్తాం."

"ఒకసారి పేర్లు తీసేశారు కదా మేడమ్. అందుకే కదా చనిపోయినవాళ్ళు బాగైపోయారు" అంది ఫెబక్క.

ఫోన్ పెట్టేశాక నేను కాగితం తీసుకున్నాను. సమాధి పుస్తకం తెస్తే అరగంటలో టైపు చేస్తానన్నాను. ఆవిడ కదల్లేదు.

"అట్ల రాయనీకి రాదు మంజుషా. కార్డు మీద ఉన్న పేరు మా పుస్తకంల ఉండది."

అప్పుడు చెప్పింది. చర్చికి పోతామని కాగితం మీద రాస్తే వాళ్ళకు ఎస్సీ సర్టిఫికెట్ దక్కదు. చట్టం అంతే. మతం మారితే పేదరికం, వాడ, వాడను చూసి మొహం తిప్పుకునే జనం ఏమైనా మారిపోతారా? మారరు, సర్టిఫికెట్ మాత్రం పోతుంది. అందుకని బడిలో, రేషన్ కార్డులో, ఆరోగ్య కార్డులో ఒక పేరు. బాప్తిస్మం పుస్తకంలో, ఇంట్లో, సమాధి రాయి మీద ఇంకో పేరు. ఇప్పుడు జాబితా రాయడమంటే ఫలానా కార్డులో ఉన్న ఫలానా ఇల్లు చర్చి ఇల్లని చర్చి ముద్ర వేసి సర్కారుకు మనమే అందించడం. విచారణకు మనిషి రాకూడదనే ఫెబక్క ఇన్నేళ్ళూ మానేశారు అని నొక్కకుండా చికిత్స పూర్తి అని నొక్కింది. బతికున్నవాళ్ళ మేలు కోరి నొక్కింది.

"అంటే సర్టిఫికెట్ కోసం అబద్ధమా?" అన్నాను. నా నోరు నాశనం కాను. బడిలో తొందరగా వేయడానికి నా పుట్టినరోజును పది నెలలు ముందుకు జరిపించిన ఇల్లు మాది. ప్రతి ఏటా తప్పుడు తేదీకి శుభాకాంక్షలు తీసుకునే దాన్ని, ఆ మాట అన్నాను.

ఫెబక్కకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"అబద్ధం ఆడొద్దని మా నాయిన నాకు ఒక్కటే పేరు పెట్టిండు. నర్సింగ్ సీటు పోయింది. లీయా పుట్టినంక రెండు పేర్లు పెట్టిండు. ఇద్దర్ల ఎవరికి మంచి జేసిండో నాకు ఇప్పటిదాక తెల్వది" అంది.

అడగకుండా ఎవరి పేరూ రాయనంది. మూడు ఆదివారాలు పదకొండు ఇళ్ళకు తిరిగింది. రెండు వారాలు నేనూ వెంట పోయాను, నేనన్న మాటకు శిక్షలాగా. జనవాడలో సొలొమోను అనే లైన్‌మన్ ఇల్లు నాకు బాగా గుర్తుంది. మాకు కుర్చీలు వేసి, తను నిలబడే విన్నాడు. గోడ మీద భార్య ఫోటోకు కాగితపు పూలదండ ఉంది. ఫెబక్క చెప్పడం అయిపోయాక అన్నాడు.

"ఫెబక్కా, నువ్వు నా భార్యకు తల దువ్వినవ్. నీకు కాదని ఎట్ల జెప్పాలె? కాని నా నౌకరి ఆ కాగితం మీద నిలబడ్డది. బిడ్డ కాలేజీ దాని మీదనే. సచ్చినామెకు నిజం కావాల్నా, బతికున్నదానికి అన్నం కావాల్నా, నువ్వే చెప్పు."

"నేను చెప్పలేను సొలొమోనూ. అందుకే అడగనీకి వచ్చిన."

"అయితే రాయకు."

ఆ మనిషి మమ్మల్ని బస్టాండు దాకా దింపాడు, టికెట్ కూడా ఆయనే కొన్నాడు. దారంతా నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఎవరి మీద ఉమ్మాలో తెలిస్తే అప్పుడే ఉమ్మేదాన్ని. ఆయన మీద మాత్రం కాదు.

పది ఇళ్ళు వద్దన్నాయి. ఒక్కటి సరేనంది. ఆమె కమఠాణలో ఒక్కతే ఉండే ఎస్తర్ అనే ముసలమ్మ. కూతురు పోయింది, ఇంకెవరూ లేరు. "నాకు గుంజుకపోనీకి ఏమున్నది, రాస్కో" అని కార్డు తెచ్చి మా చేతిలో పెట్టింది. మేం వస్తుంటే మళ్ళీ పిలిచి, "రెండు పేర్లూ రాయి. ఒకటే రాస్తే సగం బిడ్డనే అయితది" అంది.

అక్కడి నుంచి లీయా ఇంటికి పోయాం, రెండు వీధుల అవతల. అక్క తన కోసం ఊళ్ళు తిరుగుతోందని లీయాకు అప్పటికి తెలిసిపోయింది. టీ గ్లాసులు పెట్టి మా ముందు కూర్చుంది. తలమీద వెంట్రుకలు మళ్ళీ నూగులాగా మొలుస్తున్నాయి. చంక దగ్గర నొప్పికి ఒక చెయ్యి పైకెత్తి పెట్టుకుంది.

"ఇడ్సిపెట్టు అక్కా. నా కొడుకు ఎజ్రాకు ఫారెస్టు డిపార్ట్‌మెంట్ల నౌకరి వచ్చింది. సర్టిఫికెట్ల చెకింగ్ నడుస్తాంది. కమఠాణల ఒక్క ఇల్లు బయటపడ్డా అందరి ఇండ్లకు వస్తరు. వాని నౌకరి పోయినంక ఆ తెల్ల మందు ఎక్కించుకొని నేనేం జేయాలె?"

"నువ్వు బతకాలె. నాకు గంతే" అంది ఫెబక్క. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

లీయా వద్దన్నా, ఎస్తర్ కూతురి ఒక్క పేరే పంపాం. పదిహేను రోజులకు డాక్టర్ జాయ్ జవాబిచ్చింది. ఒక్క కేసుతో ఫలితం మారదట. తోటివాళ్ళతో గట్టిగా వాదించి వ్యాసం చివర ఒక వాక్యం మాత్రం చేర్పించగలిగిందట: దవాఖానా బయట జరిగిన కొన్ని మరణాలు ఈ లెక్కలోకి రాకపోయి ఉండవచ్చు. ఫెబక్క ఆ వాక్యాన్ని నా చేత రెండుసార్లు తెలుగులో చెప్పించుకుంది.

"కొన్ని అంటే ఎన్ని?" అంది.

"అది రాయలేదక్కా."

పదకొండు శరీరాలు కలిసి ఒక 'ఉండవచ్చు' అయ్యాయి. నాకు ఆ ఇంగ్లీషు మర్యాద అంటే అప్పటి నుంచీ రోత. తిట్టినా సహించవచ్చు గాని, చచ్చినవాళ్ళను అంత నాజూగ్గా పక్కకు జరపడం సహించలేను.

ఇక మిగిలిన దారి ఒకటే. హైదరాబాదులో ఒక ధర్మ దవాఖానా ఉంది. పాస్టరు ఉత్తరం తెస్తే బీద విశ్వాసులకు తెల్ల మందు ఉచితంగా ఎక్కిస్తారు. కార్డు అక్కర్లేదు. ఉత్తరంలో బాప్తిస్మం పేరు ఉంటే చాలు. లీయా, లీయాగానే బస్సెక్కింది. ఫెబక్క సెలవు పెట్టి వెంట పోయింది. పోయే ముందు మా గదిలో తెర మీద లక్ష్మీబాయి ఫైలు తెరిచి కాసేపు చూసింది. అప్పటికే గడువు దగ్గర పడింది.

"దీన్ని నేను మూయ. ఎట్లున్నది అట్లనే ఉండని" అంది.

నాలుగో రోజు తెర ఎర్రబడింది. దవాఖానాకు కొత్త మంజూర్లు ఆగాయి. అమర్నాథ్ మా గదికి ఎప్పుడూ రాడు, కప్పు తలకు తగులుతుందని. ఆ రోజు వంగి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఒక్క ఫైలుకు అందరి వైద్యం ఆపుతమా మంజుషా? బయట పదహారు మంది కూసున్నరు. మూసెయ్."

మానేశారు అని నొక్కవచ్చు. అప్పుడు కమఠాణకు మనిషి పోతాడు, లీయా ఇంటి గోడ మీద సిలువ చూస్తాడు, ఎజ్రా ఉద్యోగం సంగతి పక్కింట్లో వింటాడు. అందుకే చికిత్స పూర్తి అని నొక్కానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది, ఆయన తొందరగా అక్కడి నుంచి పోవాలి, రేపటి నుంచి మా నాన్న కొట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. నొక్కాను. తెర పచ్చబడింది. "గంతే" అని ఆయన నా భుజం తట్టి పోయాడు. ఇంటికి పోయి ఆ భుజం ఎన్నిసార్లు కడుక్కున్నానో. ఫెబక్క తాకిన కీబోర్డు తుడిచిన మనిషిని నేనే.

మొదటి తెల్ల మందు ఎక్కించి ఫెబక్క సోమవారం పొద్దున వచ్చింది. లీయా బాగానే ఓర్చుకుందని, కాళ్ళు తిమ్మిర్లు తప్ప పెద్ద తకలీఫ్ లేదని చెప్పింది. నాకు ఒక జామపండు ఇచ్చింది. తర్వాత కంప్యూటరు తెరిచింది. నేను జామపండు వైపు చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు నొక్కినవా?"

"నేనే అక్కా."

ఆవిడ తిడితే పడడానికి సిద్ధంగా ఉన్నాను. ఏడిస్తే కూడా సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఎవరో ఒకరు నొక్కుతరని తెలుసు. నిన్న చర్చిల మోకాళ్ళ మీద కూసున్న. చెల్లెను బాగు జెయ్యి ప్రభువా అనబోయిన. నోటికి రాలే" అంది. "ఎర్ర మందు నాలుగుసార్లు ఎక్కింది ఈళ్ళకు కనబడ్తది. తెల్ల మందు అక్కడ ఎక్కుతాందని కనబడది. లీయా బతికితే ఆళ్ళ లెక్కల నలభై రెండోది అయితది. సచ్చిపోతే గూడ నలభై రెండోదే. బతికితే ఇంకా అన్యాయం మంజుషా. ఎవరన్న అనుమానమొచ్చి ఇంటికి వచ్చి చూసినా, ఎదురుంగ నిలబడి ఉంటది గద. నాలుగే సాలినయని దాన్నే చూపించి ఇంకొకామెకు మందు బంద్ జేస్తరు. నా చెల్లె బతకాలని నేనెట్ల మొక్కాలె, జర చెప్పు."

తలుపు బయట బెంచీ మీద, తలకు రుమాలు కట్టుకున్న ఒక ఆమె కార్డు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. శనివారం రిజిస్టరులో చూశాను, ఆమెకు నాలుగో ఎర్ర మందు అయిపోయింది. తెల్ల మందు కోసం వచ్చింది. ఫెబక్క లేచి తలుపు దాకా పోయి, ఆమెను లోపలికి రమ్మని, నా పక్క కుర్చీలో కూర్చోమంది.